పాదమునకుఁ జెవి యుండునా?

మా చిన్నమ్మాయి యీ నడుమ బడిలో నాంగ్లమున నొక వ్యాసము వ్రాసినది. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు నడచి యెక్కిన ముచ్చట యది. ‘వట్టి పాదములతో నెక్కితిమి’ అని వ్రాయఁబోయి ‘ఎలుఁగుబంటి పాదములతో నెక్కితిమి’ అని వ్రాసినది. శేషాచలపుటడవిలో నెలుఁగుబంట్లు లేకపోలేదు గాని, యవి దర్శనమునకుఁ బోవునవి గావు గదా! ఆంగ్లమున రెండింటికిని ‘బేర్’ అనియే పలుకుబడి. ఆ వాక్యమును తరగతిలోఁ జదివి యందఱును నవ్విరఁట. నాఁటినుండి పిల్ల యా పుస్తకమును ముట్టుట మానినది.

‘పలికినట్లే వ్రాసితిని, తప్పెట్లగు నమ్మా?’ అని నన్నడిగినది. తెనుఁగు నేర్చిన పిల్ల యట్లడుగుట సహజము. మావారు పదునాఱు జంటలు వ్రాసియిచ్చి వల్లెవేయు మనిరి. వల్లెవేసినకొలఁది నా జంటలు మఱింత పెనవేసికొన్నవి. (ఉపాధ్యాయులు కోపగింపకుందురు గాక!)

మా తండ్రిగారు నాకుఁ బ్రబంధములు చెప్పునపుడు ‘వేరు’, ‘వేఱు’ అను మాటలయొద్ద నాఁగి యర్థ మడిగెడివారు. మొదటిది చెట్టున కుండునది, రెండవది భిన్నమైనది. ఇప్పుడు మన చెవికి రెండును నొక్కటియే. పూర్వ మా రెండక్షరముల ధ్వనులు వేఱు. మా చిత్తూరుసీమలోని తమిళులు నేఁటికిని నీ రెండుమాటలను వేఱువేఱక్షరములతోనే వ్రాయుదురు. ఆంగ్లమునను జరిగిన దిదియే. 1476లోఁ గాక్స్‌టన్ ఇంగ్లండున ముద్రణాలయము నెలకొల్పిన పిమ్మట వర్ణక్రమము మెల్లమెల్లగా నిలుకడఁ జెందినది. పలుకుబడి మాత్రము మాఱుచునే పోయినది. మాంస మను ‘మీట్’, కలిసికొనుట యను ‘మీట్’ ఒకప్పుడు వేఱుగా వినఁబడినవే. లిపి యా పాత భేదమును దాఁచుకొన్నది. ఇది విన్నపిమ్మటఁ బిల్ల మొగము తేటపడినది. తప్పు తన బుద్ధిది గాదని తెలిసినందుకుఁ గాఁబోలు.

అటుపిమ్మట జంటలను విడఁదీసితిని. ఒకనాఁటి కొక్క మాటయే. ఎలుఁగుబంటి మాటలో బీ తరువాత ఈ, ఏ, ఆర్ అను మూఁడక్షరములు గలవు. ఆ మూఁడును గూడిన ‘ఇయర్’, అనఁగాఁ జెవి. ఎలుఁగుబంటికిఁ జెవి యున్నది. పాదమునకుఁ జెవి యుండునా? వినుట యను ‘హియర్’ లోను నా చెవియే యున్నది. ‘ఇచ్చట’ యను ‘హియర్’ మాత్రము ‘అచ్చట’, ‘ఎచ్చట’ యను మాటలకుఁ జుట్టము. మూఁటియందును హెచ్, ఈ, ఆర్, ఈ వరుసగాఁ గానవచ్చును. మాంసపు ‘మీట్’ లోఁ దినుట యను ‘ఈట్’ గలదు. మొదటిమాట కుదిరిన నాలుగుదినములకుఁ గాని రెండవదానిని దలపెట్టను.

తిరుపతి గంగజాతరను ‘ఫేర్’ అందురు; బస్సుఛార్జియు ‘ఫేరే’. జాతరమాటలో గాలి యను ‘ఎయిర్’ కలదు; జాతర యాఱుబయటనే గదా జరుగునది! ఛార్జిమాట కే యుపాయమును నాకుఁ దోఁచలేదు. పదిమార్లు వ్రాయించితిని.

మొన్న నా పిల్ల తన వ్యాసమును మరల వ్రాసినది. వట్టి పాదములు సరిగానే పడినవి. వాని ప్రక్కఁ జెవిలేని పాదమొకటి గీచినది. కాని చివర ‘స్వామిని బ్రార్థించితిమి’ అనుచోట ‘వేఁటాడితిమి’ యని పడినది. ఆ రెండు ‘ప్రే’లను మే మింకను మొదలుపెట్టలేదు.