చంపింది మందు కాదు

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేనొక తప్పుడు ఫలితాన్ని నిజమని నమ్మాను. పైగా ల్యాబ్ మీటింగ్‌లో అందరి ముందూ దాని కోసం గట్టిగా వాదించాను.

అప్పుడు మేం పరీక్షిస్తున్నది ఒక మొక్క నుంచి తీసిన పదార్థం. ఎలుక ప్లీహం నుంచి తీసి ఉత్తేజపరిచిన టి కణాలకు దాన్ని కలిపితే, చాలా వరకు చచ్చిపోయేవి. మైక్రోస్కోపు కింద ముడుచుకుపోయి, అంచుల వెంట బుడగలు బుడగలుగా ఉబ్బి కనిపించేవి. అది అపోప్టోసిస్ గుర్తు. కణం తనను తాను పద్ధతిగా విప్పేసుకుంటుంది. నా మనసు వెంటనే ఫాస్ మీదికి పోయింది. టి కణం పైపొరలో ఉండే ఈ ప్రొటీన్‌కి దాని జోడీ ఫాస్ లైగాండ్ తగిలిందంటే, లోపల కాస్పేజ్‌లు మేల్కొని కణాన్ని ముక్కలు చేస్తాయి. ఫాస్ జన్యువు చెడిన ఎలుకల్లో చావాల్సిన కణాలు చావక లింఫ్ గ్రంథులు ఉబ్బిపోతాయి, సొంత ఒంటి మీదే దాడి మొదలవుతుంది. మా మందు ఈ ఫాస్‌నే తట్టి లేపుతోందని తీర్మానించేశాను.

మీటింగ్‌లో ఒక సీనియర్ అక్క అడిగింది. "మందు కలిపేటప్పుడు మీడియం మార్చావు కదా. కొత్తదాంట్లో ఐఎల్-2 వేశావా?"

వేయలేదు. ఐఎల్-2 అనేది ఒక సైటోకైన్, అంటే కణాలకు సంకేతం అందించే ప్రొటీన్. కంట్రోల్ వెల్స్‌లో మాత్రం పాత మీడియం, దాంతోపాటే ఐఎల్-2, అలాగే ఉండిపోయాయి. ఐఎల్-2 వేసి మళ్ళీ చేస్తే మందు పడిన కణాలూ పడనివీ ఒకేలా బతికాయి.

కణం చావాలంటే ఎవరో ఆజ్ఞ ఇవ్వాలనుకున్నాను. ఉత్తేజితమైన టి కణానికి బతకడానికే ఆజ్ఞ కావాలి. ఐఎల్-2 అందుతున్నంతసేపు బీసీఎల్-2 కుటుంబంలోని రక్షక ప్రొటీన్లు మైటోకాండ్రియాను కాపాడతాయి. అది ఆగిందంటే అదే కుటుంబానికి చెందిన బిమ్‌ది పైచేయి అవుతుంది. బాక్స్, బాక్ అనే ప్రొటీన్లు మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెడతాయి, సైటోక్రోమ్ సి బయటపడుతుంది, కాస్పేజ్‌లు లేస్తాయి. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దీన్ని మరో వైపు నుంచి చూపించారు. అవసరమైన సైటోకైన్ ఆపేసినా, బీసీఎల్-2 దండిగా ఉన్న కణాలు విభజన లేకుండానే బతికి ఉన్నాయి. ఆ పేపర్ నేను చదివినదే. అది నా ప్లేట్‌కి కూడా వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

ఐఎల్-2 సంగతి ఇంతటితో తేలిపోదు. అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో టి కణాలు తగ్గిపోతాయనుకుంటాం. తగ్గకపోగా పేరుకుపోయి ఆటో ఇమ్యూన్ జబ్బు వస్తుంది. ఎందుకంటే మిగతా కణాల్ని అదుపులో ఉంచే రెగ్యులేటరీ టి కణాలు నిలబడేదీ, పదేపదే ఉత్తేజితమైన టి కణాలు ఫాస్ ద్వారా చావడానికి సిద్ధమయ్యేదీ ఐఎల్-2 వల్లనే.

ఈ ప్రయోగం చేస్తున్న పిల్లలకు నాదొక మనవి. ప్లేట్‌లో మందు లేని వెల్స్ రెండు రకాలు పెట్టండి. రెండింట్లోనూ మీడియం మార్చండి. ఒకదాంట్లో ఐఎల్-2 వేయండి, రెండోదాంట్లో వేయకండి. ఆ రెండూ చూశాకే మీ మందు గురించి మాట్లాడండి.