గంతులు మానిన బండి

పిల్లలూ, మీలో చాలామంది మోటారు సైకిలు వెనక సీటు మీద కూర్చుని బడికి వెళుతూ ఉంటారు. ఈసారి బండి ఆగి ఉన్నప్పుడు వెనకచక్రానికి అటూ ఇటూ చూడండి. ఒక్కొక్క పక్క ఒక్కొక్క గొట్టం, దాని చుట్టూ లావుపాటి స్ప్రింగు కనిపిస్తాయి. (కొన్ని బండ్లకు రెండింటికి బదులు మధ్యన ఒకటే ఉంటుంది. అది వంగి చూస్తేగాని కనబడదు.) వీటిని గురించి నాకు బాగా తెలుసుననుకుని నేనొకసారి పిల్లలకు తప్పు పాఠం చెప్పాను. ఆ తప్పుకు శిక్ష మాత్రం నాకు పడలేదు, మరొకరికి పడింది.

2003లో నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూరి హైస్కూలులో హెడ్మాస్టరుగా ఉండేవాణ్ణి. నా బండి 1974 నాటి బుల్లెట్టు. మా నాన్నగారు కొన్నది. దానిమీద నాకు ఎంత ప్రేమ అంటే, దాని జబ్బులు కూడా నాకు ముద్దుగానే ఉండేవి.

ఒకనాడు తొమ్మిదో తరగతిలో స్ప్రింగుల పాఠం చెబుతున్నాను. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు స్ప్రింగుల రహస్యం ఒకటి కనిపెట్టి, ఎవరైనా కాజేస్తారేమోనని, 1676లో దాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలాగా అచ్చువేయించాడు. రెండేళ్ళ తరవాత తనే విప్పి చెప్పాడు. స్ప్రింగుకు బరువు ఎంత వేస్తే అది అంత సాగుతుంది, బరువు రెట్టింపు అయితే సాగటమూ రెట్టింపు అవుతుంది. ఇదే ఆ రహస్యం. పిల్లలకు ఈ కథ నచ్చింది. నేను హుషారుగా కిటికీలోంచి నా బండిని చూపించి, "అదుగో, ఆ స్ప్రింగులు ఎందుకున్నాయో తెలుసునా? గతుకుల్లో మన నడుము నెప్పి పుట్టకుండా ఉండేందుకు!" అన్నాను.

వెనక బల్ల మీది అమ్మాయి ఒకతె లేచి, "అయితే మేష్టారూ, నడుము గట్టిగా ఉన్నవాళ్ళకు అవి అక్కర్లేదా?" అని అడిగింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అక్కర్లేదు. నాకు అక్కర్లేదు!" అన్నాను.

నేను అల్లా అనటానికి ఒక కారణం ఉన్నది. అప్పటికి రెండు నెలలుగా నా బండి ఎడమ గొట్టం నూనె కారుతున్నది. కారిన నూనెకు దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుపోయేది. నేను రోజూ గుడ్డతో తుడిచి, వచ్చే నెల చూద్దాంలే అనుకునేవాణ్ణి. గతుకులో పడితే బండి వెనకభాగం రెండు మూడుసార్లు గంతులు వేసేది. నడుముకే గదా కష్టం, ఓర్చుకుంటే పోలా అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పెళ్ళికి వెళ్ళి, చీకటి పడేవేళకు నేనూ మా ఆవిడా కాలవగట్టు మీదుగా తిరిగి వస్తున్నాం. తూము దగ్గర ఒక గుంట ఉన్నది. బండి అందులో దిగి లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. ఇంతలో ఎదురుగా ఒక గేదె అడ్డం వచ్చింది. నేను బ్రేకు తొక్కాను. సరిగా ఆ క్షణాన వెనకచక్రం నేలమీద లేదు! గాలిలో ఉన్న చక్రం బ్రేకు పడగానే గిర్రున తిరగటం మాని బిగుసుకుపోయింది. అది కంకర మీదికి దిగేసరికి దొర్లలేదు, పక్కకు జారింది. నేను ఎల్లాగో నిలదొక్కుకున్నాను. మా ఆవిడ పడిపోయింది. కుడిచెయ్యి ఆనించి పడటం వల్ల మణికట్టు విరిగింది.

ఆరువారాలు కట్టు. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. "ఏమండీ, ఆ నూనె మరక సంగతి నేను అప్పుడే అడిగాను గదా," అని మాత్రం ఒకసారి అన్నది.

మర్నాడే ఆ రెండు గొట్టాలనూ ఊడదీయించి, సంచిలో వేసుకుని, బెజవాడ ఆటోనగరుకు బస్సులో వెళ్ళాను. అక్కడి మేస్త్రీ వాటిని చూసి, "షాకబ్జర్వర్లు పోయినయ్, మేష్టారూ," అన్నాడు. నాలోని పంతులు ఊరుకుంటాడా? "అబ్జర్వరు అంటే చూసేవాడు. ఇది షాక్ అబ్జార్బరు, అంటే అదురును పీల్చేసేది," అన్నాను. "పీల్చేది ఇది కాదుగదండీ! అదురును మింగేది స్ప్రింగు. దీని పని స్ప్రింగు నోరు మూయించటం," అన్నాడతను. ముప్ఫయ్యేళ్ళు సైన్సు చెప్పిన నాకు అది తోచలేదు.

స్ప్రింగుకు ఒక చెడ్డ గుణం ఉన్నది, పిల్లలూ. అది తీసుకున్న శక్తిని దాచుకోదు, ఖర్చుపెట్టదు, తిరిగి ఇచ్చేస్తుంది. అందుకనే గుంటలో ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు బండిని ఎగరవేస్తుంది. బండి మళ్ళీ దిగి దాన్ని నొక్కుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవటం ఆపాలంటే మధ్యలో ఎవరో ఆ శక్తిని ఖర్చుపెట్టాలి. గొట్టంలోని నూనె చేసే పని అదే. గొట్టం లోపల ఒక కడ్డీ, దాని చివర సన్నటి రంధ్రాలు గల పిస్టనూ ఉంటాయి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల గుండా ఇటునుంచి అటు దూరవలసి వస్తుంది. కాలవలో దిగినప్పుడు చేతిని నీళ్ళలో మెల్లిగా కదిపి చూడండి, హాయిగా కదులుతుంది. విసురుగా కదపండి, నీరు ఎదురుతిరుగుతుంది. నూనె కూడా అంతే. లోపల ఒక చిన్న కవాటం ఉండి, స్ప్రింగు నొక్కుకునేటప్పుడు నూనెకు దారి కాస్త విశాలంగానూ, అది సాగేటప్పుడు ఇరుకుగానూ చేస్తుంది. గంతు వేసేది సాగేటప్పుడే గదా!

మరి ఆ శక్తి ఏమైనట్టు? వేడి అయింది. గిన్నెలో నీళ్ళను చిలికితే అవి వేడెక్కుతాయని జౌల్ అనే ఆయన 1840 తరవాతి సంవత్సరాలలో కొలిచి మరీ చూపించాడు. వెనకచక్రం మీద 200 కిలోల బరువు ఉండి, అది 5 సెంటీమీటర్లు దిగిందనుకోండి. సుమారు 100 జౌళ్ళ శక్తి వస్తుంది. 24 గ్రాముల నీటిని ఒక డిగ్రీ వేడిచెయ్యటానికి అది చాలు. ఒక గుంటకు ఇంతే, కాని మన రోడ్లకు గుంటలేం తక్కువ? గతుకుల రోడ్డున దూరం వెళ్ళివచ్చిన బండి గొట్టం వెచ్చబడుతుంది.

మేస్త్రీ పనిముట్టుతో స్ప్రింగును బిగించి అణిచాడు. ముందుగా తన దగ్గర పని నేర్చుకునే కుర్రవాణ్ణి ఎదర నుంచి తప్పుకోమని కసిరాడు. అణిచిపెట్టిన స్ప్రింగు జారితే తుపాకీగుండుతో సమానం. ఈ పని మీరు ఇంటిదగ్గర ఎన్నడూ చెయ్యబోకండి. స్ప్రింగు అణిగాక పైన ఉన్న రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు ఊడి వచ్చాయి. తరవాత గొట్టం మూత విప్పి కడ్డీని పైకి లాగాడు. ఎడమ గొట్టంలో మిగిలిన నూనె అరచేతి గుంటకు సరిపోయేటంత! కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు సీలు ఎండి, పెదవిలాగా పగిలి ఉన్నది. పదిరూపాయల కాగితమంత విలువ చెయ్యని ఆ రబ్బరుముక్క నా భార్య మణికట్టును విరిచిందన్నమాట. కాదు, విరిచింది నేనే.

కుడిదాని సీలు బాగానే ఉన్నా అతను దాన్నీ మార్చాడు. రెండింటిలోనూ కొలపాత్రతో ఒకే కొలత నూనె పోశాడు. ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంటే చక్రాన్ని మోసే చట్రం మెలితిరుగుతుందట. నేను నా తెలివి చూపబోయి, "చిక్కటి నూనె పొయ్యి, ఇక గంతన్నదే ఉండకుండా," అన్నాను. అతను ఒప్పుకోలేదు. నూనె మరీ చిక్కనైతే పైకి లేచిన చక్రం త్వరగా కిందికి దిగదు. అది దిగేలోపల రెండో గుంట వస్తుంది. "చక్రం నేలను వదలగూడదు మేష్టారూ. దీని పనంతా అదే," అన్నాడు.

తరవాత చదివితే తెలిసింది. వెనకటి మోటారు సైకిళ్ళలో చాలావాటికి వెనకచక్రానికి స్ప్రింగులే లేవు, సీటు కింద మాత్రమే ఉండేవి. అవి నిజంగా నడుము కోసం పెట్టినవే. చక్రానికి స్ప్రింగూ నూనెగొట్టమూ గల బుల్లెట్టు ఇంగ్లండులో 1949లో అమ్మకానికి వచ్చింది. 1956 నుంచి మద్రాసులో తయారయింది. ఇప్పటి బండ్లలో ఈ గొట్టాలు చాలావరకు విప్పటానికి వీలులేనివి, పాడైతే మొత్తంగా మార్చవలసిందే.

సోమవారం ప్రార్థన కాగానే తొమ్మిదో తరగతికి వెళ్ళి, నడుము గట్టిగా ఉన్నవాళ్ళకు కూడా అవి ఎందుకు కావాలో చెప్పాను. ప్రశ్న అడిగిన అమ్మాయి, "మరి అమ్మగారి చెయ్యి ఎల్లా ఉన్నదండీ?" అన్నది. ఊరందరికీ తెలిసిపోయిందన్నమాట!

ఆ మణికట్టు చలికాలంలో ఇప్పటికీ సలుపుతుంది. బండీ ఉన్నది, మేమిద్దరమూ ఉన్నాం. ఎక్కేముందు మా ఆవిడ వెనక సీటును ఎడమ అరచేత్తో గట్టిగా నొక్కి వదులుతుంది. అది ఒక్కసారి లేచి కదలకుండా నిలబడితేనే ఎక్కుతుంది.