ఎఱ్ఱని మరక

మా వాకిట కారు నిలుచు చోట రూపాయి బిళ్లంత యెఱ్ఱని మరకను మొదట చూచినది నా భార్య. తెల్లవాఱి ముగ్గు పెట్టబోయి, "ఏమండీ, ఇక్కడ నెత్తురు చుక్కవలె నున్నదేమి?" అని యడిగెను. నేను పత్రికనుండి తల యెత్తకయే, "పాత బండి. నాలుగు చుక్కలు కారకుండునా?" అంటిని. యంత్రముల సంగతి ఆడువారి కేమి తెలియునను అహంకారము ఆ మాటలో దాగియున్నదని యిప్పుడొప్పుకొనుచున్నాను.

నిజమునకు ఆ మరక రంగే సర్వమును చెప్పుచుండెను. ఇంజను నూనె వాడుకలో నల్లబడును. ఆటోమేటిక్ గేరుబాక్సులలో పోయు ద్రవమునకు సాధారణముగా ఎఱ్ఱరంగు కలుపుదురు. కారినప్పుడు సులువుగా గుర్తింపవచ్చును. నేను గుర్తింపలేదు సరికదా, మరకపై ఇసుక చల్లి, నెలకొక సీసా ద్రవము పోయించుచు, బండికి వైద్యము జరుగుచున్నదని తృప్తిపడితిని. నా భార్య మఱి మాటాడక ముగ్గును మూరెడు జరిపి పెట్టసాగెను.

ఒకనాడు మా తల్లిని సింహాచలము తీసికొనిపోవుచుంటిమి. కొండదారిలో ఇంజను హోరుమన్నదే కాని బండి కదలలేదు. పైగా గజము వెనుకకు జాఱెను. బ్రేకు తొక్కి యాపితిని. ఎనుబదియేండ్ల తల్లి మండుటెండలో పిట్టగోడపై కూర్చుండవలసివచ్చెను. ఆమె నన్నొక్కమాట యనలేదు. అనియున్న బాగుండెడిది.

మెకానిక్కు క్రిందిభాగమంతయు తుడిచి, ఇంజను నడిపించి, తడి యెక్కడ పుట్టుచున్నదో చూపెను. ఇరుసు గేరుబాక్సులోనికి చొచ్చు చోటనున్న రబ్బరు సీలు ఏండ్ల వేడికి గట్టిపడి బిగువు తప్పినది. "ఇది పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదండీ. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే," అనెను. ఆ ద్రవము కేవలము నునుపు కొఱకే కాదు. ఇంజను బలమును చక్రములకు చేర్చుటకును, లోపలి క్లచ్చి బిళ్లలను ఒత్తిడితో బిగించిపట్టుటకును అదియే యాధారము. అది తగ్గగా ఒత్తిడి చాలక బిళ్లలు జాఱి, వేడెక్కి, మాడిపోయినవి. వానిని విప్పి చేతిలో పెట్టినప్పుడు మాడు వాసన కొట్టెను. సీలు వెల స్వల్పమే. నేను చెల్లించిన దానిలో అధికభాగము నా యుపేక్షకు వెల.

చదువరులారా, తఱిగినదానిని నింపుట మరమ్మతు కాదు. మన యిండ్లలో ఎన్ని లోపములను ఇట్లే ఇసుక చల్లి కప్పుచు, నెలకొక సీసా పోయుచు దొరలించుచున్నాము! మొదట చూచి చెప్పినవారి మాటను, చెప్పినవారెవరో చూచి తోసివేయుచున్నాము.

ఇప్పుడు ప్రతి యుదయమును కారు క్రింద ఒక తెల్ల అట్ట పఱచి చూచుచున్నాను. నిన్న అట్ట పొడిగా నుండెను. నేనే నా భార్యను పిలిచి చూపితిని. ఆమె వంగి చూచి, ముగ్గును తొల్లింటి చోటనే పెట్టెను.