తలుపు వెలుపలి కుర్చీ

కనెక్టికట్ రాష్ట్రమునకు రాజధానియైన హార్ట్‌ఫర్డ్ నగరమునకు కొంత దూరమున, మేపుల్ చెట్ల నడుమ, చూచువారికి చిన్న పాఠశాలవలె తోచు ఎఱ్ఱ యిటుకల భవన సముదాయమొకటి కలదు. ఇంటను బడియందును నిలువలేక, కొందఱు ఆత్మహత్యాప్రయత్నము వఱకును పోయి, వైద్యాలయములనుండి పంపబడిన బాలబాలికలు నెలల తరబడి యిందు వసించి చికిత్స పొందుదురు. గుంటూరులోని నా మిత్రుని కుమార్తె యిచ్చట బాలమానసిక వైద్యురాలు. పిల్లలు తరగతులలో నుండు వేళనే రావలెననియు, సంస్థ పేరు వ్రాయరాదనియు షరతులు విధించి, ఆమె నన్ను లోనికి దీసికొనిపోయినది.

భోజనశాలను, పడకగదులను త్వరగానే దాటితిమి. నేను చూడగోరినది నడవా చివరనున్న గది.

"మీరడిగింది ఇదే, బాబాయిగారూ," అని ఆమె తలుపు తెఱచినది.

గోడలకు మెత్తని పలకలు, నేలకు దళసరి పఱుపు, తలుపులో పగులని యద్దము. మంచము గాని, మేకు గాని, పిల్లలు తమకు హాని చేసికొనుటకు వీలగు వస్తువు మఱేదియు గాని లేదు. తలుపునకు గొళ్ళెము లేదు. ప్రక్కగోడకు మీట యొకటి కలదు; వెలుపల నిలిచిన మనుష్యుడు దానిని నొక్కి పట్టినంతసేపే తలుపు బిగిసియుండును, చేయి తీసిన మఱుక్షణమున వదలును. నిప్పంటుకొన్నను, కాపున్నవాడు సొమ్మసిల్లినను బిడ్డ లోపల చిక్కువడకుండుటకై యీ యేర్పాటు. నేనును నొక్కి చూచితిని. కొంతసేపటికే బొటనవ్రేలు తీయసాగెను. ఈ గది మొత్తములో నాకు మిక్కిలి నచ్చినది ఆ నొప్పియే యని చెప్పినచో వైద్యురాలు నవ్వినది.

తలుపు వెలుపల ప్లాస్టిక్ కుర్చీ యొకటి కలదు. శిక్షణ పొందిన వైద్యసిబ్బందిలో నొకరు గది లోపలనో, తలుపు చెంతనో స్వయముగా నుండి బిడ్డను ఎడతెగక కనిపెట్టవలెనని సమాఖ్య ప్రభుత్వ నిబంధన. కెమెరాలో చూచుచుంటిమన్నచో చెల్లదని అందు స్పష్టముగా వ్రాయబడియున్నది. 2001 జనవరిలో వెలువడిన ఆ నిబంధనలు, పేదల వైద్యమునకు ప్రభుత్వమిచ్చు మెడికెయిడ్ ధనముతో ఇరువదియొకటేండ్ల లోపువారికి మానసిక చికిత్స నిచ్చు వసతిగృహములకు వర్తించును. శిక్షగా గాని, సిబ్బంది సౌకర్యమునకు గాని, కసి తీర్చుకొనుటకు గాని బిడ్డను పట్టి బంధించరాదు, గదిలో మూయరాదు. ఆ రెండును ఒకేసారి చేయరాదు. "అవసరమైనచో చేయుడు" అని వైద్యుడు ముందే వ్రాసి పెట్టరాదు. ఎప్పటి యాజ్ఞ అప్పటిదే. ఆ యాజ్ఞకు గడువు తొమ్మిదేండ్లు నిండనివారికి 1 గంట, 9 మొదలు 17 ఏండ్లవారికి 2 గంటలు, ఆ పైవారికి 4 గంటలు. నిర్బంధము ఆరంభమైన గంటలోపల అర్హుడైనవాడు వచ్చి బిడ్డ యొడలిని, మనస్సును ముఖాముఖి పరీక్షింపవలెను.

"పదేండ్ల బిడ్డకు రెండు గంటలు మిక్కిలి యెక్కువ గదా, అమ్మా?" అని యడిగితిని.

"అది పైహద్దు మాత్రమే, బాబాయిగారూ. పిల్ల నెమ్మదించగానే వదిలెయ్యాలి. ఆర్డర్లో రెండు గంటలుంది గదా అని అంతసేపూ ఉంచితే మర్నాడు సంజాయిషీ చెప్పుకోవలసింది నేను."

ఈ నిబంధనల పుట్టుక ఈ రాష్ట్రముతోనే ముడివడియున్నది. 1998 మార్చిలో ఇచ్చటి యొక మానసిక చికిత్సాలయమున, అల్పాహారవేళ వేఱొక బల్లకు పొమ్మన్న మాట వినలేదని మొదలైన తగవులో, పెద్దలు అదిమి పట్టగా 11 ఏండ్ల బాలుడు మరణించెను. ఆ యేటి అక్టోబరున 'హార్ట్‌ఫర్డ్ కూరంట్' పత్రిక దేశమంతట విచారించి, పదేండ్లలో ఇట్టి మరణములు 142 అని తేల్చెను. వారిలో నాల్గవ వంతుకు మించి పిల్లలే. 1999లో ఈ రాష్ట్రము ఊపిరి నడ్డగించు పట్టులను నిషేధించెను. మఱుసటి సంవత్సరము ఇట్టి నిర్బంధములకు హద్దులు విధించు బాలల ఆరోగ్య చట్టము కేంద్రమున వచ్చెను. పత్రికలవారు చేయదగిన పని యేదియని అడుగువారికి ఈ యుదంతము చూపవచ్చును.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 97వ సెక్షను ఏకాంత నిర్బంధమును పూర్తిగా నిషేధించినది. ఆ విషయమున అమెరికాకంటె మనమే ముందంజ వేసితిమి. దేహమును బంధించుటకు మాత్రము అందు గంటల లెక్క లేదు. తప్పనిసరియైనంత కాలమే యని యున్నది. ఆ "తప్పనిసరి"ని కొలుచువాడు అలసిన యుద్యోగియైనపుడు గడియారము తోడుండుట మేలని నా యభిప్రాయము.

పిమ్మట వైద్యురాలు నన్నొక పాత యుద్యోగి యొద్దకు గొనిపోయినది. బలిష్ఠుడు, మెల్లని మాట. ఘటన జరిగిన 24 గంటలలోపల బిడ్డతో నొకసారి, సిబ్బందిలో నొకసారి కూర్చుండి, ఏమి జరిగినది, మఱేమి చేసియుండవచ్చునని మాటలాడవలెనను నిబంధనను గుఱించి యడిగితిని. మొదట దానిని కాగితాల పని యనుకొన్నాడట. ఒకనాడొక బాలిక బూటుతాడు కట్టుకొమ్మన్నందుకు కుర్చీ విసరగా నలుగురు కలిసి పట్టుకొనవలసివచ్చినది. మఱునాడామె, "అమ్మ ఫోన్ చేస్తానని చేయలేదు, మీరేమో బూటుతాడు గుఱించి అడిగినారు" అని చెప్పినదట. నాటినుండి యా విభాగములో ఇంటి ఫోన్లు వచ్చు సాయంకాలములందు కొంతసేపు ఎవ్వరికిని ఏ పనియు చెప్పరాదని కట్టడి చేసికొనిరి. చట్టమునందు ఎచ్చటను లేని యీ చిన్న నియమము పుట్టుటకు, చట్టము కోరిన ఆ సంభాషణయే కారణము.

ఇక లోపములు. మెడికెయిడ్ సొమ్ము ముట్టని ప్రైవేటు గృహములకు, అడవులలో నడపబడు "క్రమశిక్షణ" శిబిరములకు ఈ కొలతలు వర్తింపవు. అచ్చట ఏ రాష్ట్రపు రీతి ఆ రాష్ట్రమునదే. 2007లో ప్రభుత్వ తనిఖీ సంస్థ అట్టి శిబిరములలోని యాతనలను, మరణములను శాసనకర్తల యెదుట బెట్టినది. బాల్యమున తానును అట్టి గృహములలో నిర్బంధింపబడితినని పారిస్ హిల్టన్ అను ప్రఖ్యాత మహిళ యేండ్ల తరబడి చాటిన మీదట, 2024 డిసెంబరులో ఒక చట్టము వచ్చినది. దానిని గుఱించి ఆశతో నడిగితిని.

"అధ్యయనం చేయమంది, బాబాయిగారూ," అని వైద్యురాలు చెప్పినది. "గదికి కొలతలు గాని, గడువులు గాని అందులో లేవు." ఇంతలో మధ్యాహ్నపు షిఫ్టువారు రాసాగిరి, అందిద్దఱు క్రొత్తవారట. వారికి మీట నొక్కుట నేర్పుటకు ఆమె వెళ్ళిపోయినది.