మిగిలిన ముక్కలతో ఒక అంబాసిడరు

మా క్వార్టరు అటక మీద పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. చక్రాలు, బంపర్లు, సీట్లు, స్టీరింగులు, అద్దపు ముక్కలు, దేనివో తెలియని పుల్లలు, అన్నీ ప్లాస్టిక్‌వే, పదేళ్ళపాటు అందులో పోగుపడ్డాయి. పాఠకులకు ముందుగానే ఒక మనవి. ఈ వ్యాసంలో 'మేము' అనగా నిర్వహణ విభాగంలో పనిచేస్తూ ఈ పంక్తులు వ్రాస్తున్న తండ్రి, ఇంజనీరింగు చదువు ముగించి ఉద్యోగపు పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇంట ఉన్న కుమారుడు. పని ఇద్దరమూ చేశాము కనుక చెప్పడమూ ఇద్దరి పక్షాననే. అందులో జరిగిన పొరపాట్లు ఎవరివన్న విషయంలో మాత్రం మా మధ్య నేటికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

నమూనా కార్ల కిట్ల సంగతి తెలియని వారి కోసం రెండు మాటలు. అసలు కారులోని భాగాలన్నిటినీ ఇరవై నాలుగో వంతుకో, ఇరవై ఐదో వంతుకో తగ్గించి, పాలిస్టిరిన్ అనే ప్లాస్టిక్‌తో పోతపోసి, ఒక చట్రానికి కాయల్లా వేలాడదీసి పెట్టెలో అమ్ముతారు. ఆ చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగాలను దాని నుండి కత్తిరించి, నునుపు చేసి, అంటించి, రంగు వేసుకోవాలి. ఇందుకు వాడే జిగురు మామూలు బంకవంటిది కాదు. అది ప్లాస్టిక్ ఉపరితలాన్ని కరిగించి రెండు ముక్కలను ఒకటిగా కలిపివేస్తుంది. మన భాషలో చెప్పాలంటే వెల్డింగే. చాలా కిట్లలో ఒకే కారును రెండు మూడు విధాలుగా కట్టుకొనేందుకు వీలుగా అదనపు భాగాలు ఇస్తారు. కారు పూర్తయ్యాక అవి మిగిలిపోతాయి. 'ఎప్పటికైనా పనికి రాకపోతుందా' అని దాచే అలవాటు స్టోర్సులో పనిచేసిన వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మా శ్రీమతి ఏటా దీపావళికి ముందు ఆ డబ్బాను కండెమ్ చేసేది. మేము ఏటా అప్పీలు చేసుకొనేవారము.

ఇక మా నాన్నగారి విషయం. ఆయన 1969 నుండి 1999 వరకు విశాఖపట్నంలో ఒక ప్రభుత్వరంగ సంస్థలో స్టాఫ్ కారు డ్రైవరుగా పనిచేశారు. ముప్పై ఏళ్ళలో కార్లు మారాయి గానీ, నడిపినవన్నీ అంబాసిడర్లే. పదవీ విరమణ తరువాత నీటికాసుల వ్యాధి సోకి ఒక కన్ను, ఆపైన రెండవది క్రమంగా చూపు కోల్పోయాయి. 2019 నాటికి వెలుగుకూ చీకటికీ తేడా తప్ప మరేమీ తెలియని స్థితి ఏర్పడింది. 2021లో మాకు కోల్‌కతాకు బదిలీ అయినప్పుడు ఆయనను వెంట తీసుకొని వచ్చాము. తెలియని ఊరు, రాని భాష. రోజంతా వరండాలో కుర్చీలో కూర్చొని ఉండేవారు. మాటలు తగ్గిపోయాయి. అడిగిన దానికి సమాధానం, అంతే.

ఒక సాయంత్రం వీధిలో పసుపుపచ్చ టాక్సీ ఒకటి మలుపు తిరుగుతుండగా ఆయన తనలో తాను అనుకుంటున్నట్లు, "అంబాసిడరు. రెండో గేరులో లాగుతున్నాడు, పాపం దానిని," అన్నారు. ఆ ఊరు వచ్చిన తరువాత ఎవరూ అడగకుండా ఆయన అన్న మొదటి మాట అది.

మరునాడే మా వాడు బజారుకు పోయి, వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే అంబాసిడరు బొమ్మ కొని తెచ్చి తాతగారి చేతిలో పెట్టాడు. ఆయన దాని మీద ఒకసారి వేళ్ళు పోనిచ్చి, "బాగుందిరా, బొమ్మ," అని పక్కన పెట్టేశారు. తప్పు ఆ బొమ్మది కాదు. కంటికి కనిపిస్తే చాలునని చేసిన వస్తువు అది. వేళ్ళు కన్ను వలె మర్యాదకు పోవు. కప్పు ఎత్తు చాలకపోయినా, చక్రం పక్కకు జరిగినా వెంటనే పట్టేస్తాయి. కొలతలకు సరిపోయేది మేమే చేయాలని నిశ్చయించుకున్నాము. అటక మీది డబ్బా కిందికి దిగింది.

అంబాసిడరు ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు మన దేశపు రూపం. కోల్‌కతాకు దగ్గరలో, ఉత్తర్‌పాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1950ల చివరి నుండి 2014 మే నెల వరకు తయారైంది. హౌరా నుండి బర్ధమాన్ వెళ్ళే లోకల్ రైలులో ఉత్తర్‌పాడా దాటగానే వచ్చే స్టేషను పేరే హింద్ మోటార్. ఆ బోర్డు చూపుదామని మేమిద్దరమూ ఒక ఆదివారం నాన్నగారిని వెంటబెట్టుకొని బయలుదేరబోయి, చూపలేమన్న సంగతి గుర్తుకు వచ్చి ఆగిపోయాము.

కొలతల కోసం మా వీధి చివర టాక్సీ నిలిపే బిహారీ డ్రైవరును ఆశ్రయించాము. టేపుతో కారు చుట్టూ తిరుగుతుంటే మొదట మమ్మల్ని రవాణాశాఖ వారనుకొని కంగారు పడ్డాడు. విషయం చెప్పగా టేపు రెండో కొస తానే పట్టుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పూర్తయ్యాక ఫోటో చూపమని మాత్రం అడిగాడు. పొడవు 4325 మి.మీ., చక్రాల నడుమ దూరం 2464 మి.మీ., ఎత్తు 1600 మి.మీ. అని అచ్చులో ఉన్న లెక్కలతో మా కొలతలు ఇంచుమించుగా సరిపోయాయి. లోపలి అమరికను కూడా నోటు పుస్తకంలో వ్రాసుకున్నాము: ముందు విడివిడిగా రెండు సీట్లు, వాటి మధ్య నేల మీద గేరు కర్ర. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాము.

1:24 అంటే అడుగుకు అరంగుళం. ఆ లెక్కన మా కారు 180 మి.మీ. పొడవు ఉండాలి. డబ్బాలో ఉన్న బాడీ ఒక్కటే. మా వాడు పదో తరగతిలో రంగు పాడుచేసి వదిలేసిన 1955 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ది. అది 1:25 కిట్. అసలు కారు చాలా పెద్దది కావడంతో నమూనా కూడా దాదాపు 199 మి.మీ. ఉన్నది. చక్రాల నడుమ దూరం 117 మి.మీ., మాకు కావలసినది 103. వెడల్పు 75, కావలసినది 70. ఎత్తు మాత్రం నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. కాబట్టి సన్నని రంపంతో దానిని అడ్డంగా కోసి నడుమ నుండి 14 మి.మీ. తీసివేశాము. నిలువుగా కోసి 5 మి.మీ. తీసివేశాము. కప్పును విడదీసి, ప్లాస్టిక్ పట్టీలు పెట్టి పైకి లేపాము. డిక్కీ తోక కత్తిరించాము. ఆ రాత్రి బల్ల మీద తొమ్మిది ముక్కలుగా పడి ఉన్న కారును చూసి మా శ్రీమతి, "ఉన్న ఒక్కటీ పోయిందా?" అన్నది. మాకూ అదే అనుమానం.

ముక్కలు కలిపిన తరువాత అది కారులాగా కాక, కుదించుకుపోయిన పెట్టెలాగా ఉన్నది. అంబాసిడరుకు ఉన్న ఆ గుండ్రని నిండుతనం ఏ కిట్‌లోనూ దొరకదు. తక్షణం పట్టే జిగురులో టాల్కం పొడి కలిపితే గట్టి లప్పంగా మారుతుంది. దానిని పొరలుగా వేసి, ఆరాక 400 నంబరు కాగితంతో మొదలుపెట్టి 1000 వరకు రుద్దుతూ మడ్‌గార్డుల ఉబ్బులు, బానెట్ మధ్య ఎత్తు, డిక్కీ వంపు తీర్చాము. కళ్ళు మూసుకొని తడిమి చూసుకోవడం ఒక నియమంగా పెట్టుకున్నాము. కంటికి నున్నగా కనిపించిన చోట వేలికి గుంటలు తగిలేవి. ఆ నియమం వల్లనే నాలుగు నెలలు పట్టింది.

చక్రాల విషయంలో అదృష్టం కలిసివచ్చింది. అంబాసిడరుకు 15 అంగుళాల రిమ్ములు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కూ అంతే. మునుపు కట్టిన 1:24 బీటిల్‌కు మా వాడు సోకు చక్రాలు వేసినందున అసలువి నాలుగూ డబ్బాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. తలుపు పిడులు ఒక కిట్‌వి, హెడ్‌లైట్ల చుట్లు మరొక కిట్‌వి. సీట్లు ఏదో స్పోర్ట్స్ కారువి, విడివిడిగా రెండు. బెల్ ఎయిర్ సీటు ఒకే బెంచీ కావడం వలన పనికిరాదని తిరిగి డబ్బాలో వేశాము. దాని స్టీరింగు అమెరికా పద్ధతిలో ఎడమ వైపుది. డాష్‌బోర్డును ముక్కలు చేసి కుడి వైపుకు మార్చాము. స్టీరింగు కడ్డీకి పక్కన పుల్లలా పొడుచుకొని ఉన్నదానిని కోసివేశాము. అది కూడా డబ్బాలోకే పోయింది. టాక్సీలో చూసినట్లు నేల మీద గేరు కర్ర నిలబెట్టాము. స్ప్రూ ముక్కను కొవ్వొత్తి మంట మీద వేడిచేసి మెల్లగా సాగదీస్తే సన్నని తీగ వస్తుంది. ఆ తీగతోనే కర్ర, వైపర్లు చేశాము. వేళ్ళకు విరగకుండా వైపర్లు కొలత కంటే కాస్త లావుగానే ఉంచాము.

తరువాత రంగు. స్టాఫ్ కారు కాబట్టి తెలుపే. తెలుపు వేయడం ఎంత కష్టమో వేసినవారికే తెలుసు. ధూళి కనబడుతుంది, అడుగు రంగు కనబడుతుంది, కారిన చోట పసుపు తేలుతుంది. మూడు సార్లు వేసి మూడు సార్లు గీకివేశాము. దానికి రెండు నెలలు. చివరి పూత ఆరుతుండగా మా శ్రీమతి నెమ్మదిగా, "మామయ్యగారికి రంగు కనిపించదు కదండీ," అన్నది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ సంగతి మాకు తట్టనే లేదని చెబితే నమ్ముతారో లేదో.

దసరా నాడు ఉదయం కారు తీసుకువెళ్ళి ఆయన ఒళ్ళో ఉంచాము. ఏమిటని చెప్పలేదు. ముందుగా ఎడమ అరచేయి కప్పు మీద నిలిచింది. కుడి చేతి వేళ్ళు బానెట్ మీదుగా జారి, హెడ్‌లైట్ల చుట్టూ తిరిగి, మడ్‌గార్డు దిగి, చక్రం వద్ద కాసేపు ఆగాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. వెనుకకు పోయి డిక్కీ వంపు రెండు సార్లు తడిమారు. కిటికీలకు అద్దాలు కావాలనే పెట్టలేదు. చిటికెన వేలు లోపలికి పోనిచ్చారు. స్టీరింగు తగిలింది. అంతవరకు మేము ఊపిరి బిగబట్టే ఉన్నాము. వేలు ఇంకా కిందికి దిగి ఆగిపోయింది.

"ఇది ఎవరి కారురా?" అన్నారు.

"మీదే, తాతయ్యా."

"నాది కాదు. గేరు కింద ఉంది. సీటు రెండు ముక్కలుగా ఉంది. నా బండికి గేరు స్టీరింగు పక్కన. సీటు ఒకటే బల్లలా ఉండేది."

టాక్సీలో అలాగే ఉన్నదని మేము సంజాయిషీ చెప్పబోయాము. ఆయన వినిపించుకోలేదు. కారు ఒళ్ళోనే ఉంచుకొని చెప్పసాగారు. 1977లో వానాకాలం. క్వార్టర్ల వరుసలో ముగ్గురికి ఒకే రాత్రి వాంతులు, విరేచనాలు. అధికారిని నిద్రలేపి అనుమతి తీసుకొని కారు బయటికి తీశారు. వెనుక సీటులో ఇద్దరిని పడుకోబెట్టారు. మూడవ రోగి ఆరేళ్ళ పిల్లవాడు. వాడి తల్లి ముందు సీటులో ఈ చివరన కూర్చున్నది. పిల్లవాడు సీటు మీద అడ్డంగా పడుకొని, తల డ్రైవరు తొడ మీద పెట్టాడు. పెద్దాసుపత్రి దాకా ఆయన వాడి తల పైనుండే చేయి చాచి గేర్లు మార్చారు.

"కింద కర్ర ఉంటే నిన్ను ఎక్కడ పడుకోబెట్టేవాడినిరా?" అన్నారు.

ఆ ఆరేళ్ళ పిల్లవాడు ఈ వ్యాసకర్త. ఆ జబ్బు గానీ ఆ రాత్రి గానీ మాకు జ్ఞాపకం లేవు. ఇంట్లో ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. అమ్మ ఉండగా అడిగి ఉండవలసింది. అంతకంటే ముందు, గేరు ఎక్కడ ఉండేదని నాన్నగారినే అడిగి ఉండవలసింది. ఆయనకు తెలియకుండా చేసి ఆశ్చర్యపరచాలన్న ముచ్చటలో, ఈ విషయంలో మా ఇంట ఉన్న ఏకైక నిపుణుని సంప్రదించకుండా ఎనిమిది నెలలు గడిపాము.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ డబ్బా తెరిచాము. వద్దని పారవేసిన బెల్ ఎయిర్ బెంచీ సీటు అడుగున ఉన్నది. వెడల్పు తగ్గిస్తే సరిపోయింది. కోసివేసిన పుల్ల కోసం అరగంట వెదికాము. అది ఆ అమెరికా కారుకు స్టీరింగు పక్కన ఉండే గేరు కర్రే. ఎడమ చేతి కారుకు కుడి పక్కన ఉన్నదానిని, మన కారుకు ఎడమ పక్కకు మార్చాలి. నాన్నగారు కుర్చీ బల్ల దగ్గరికి జరిపించుకొని కూర్చున్నారు. ఆయన వేలు పట్టుకొని చోటు చూపించమన్నాము. "ఇంకొంచెం పైకి... అక్కడ," అన్నారు.

జిగురు పెట్టబోతూ మా వాడు, "తాతయ్యా, ఇది ఒకసారి అంటుకుంటే ఇక కదలదు. ఏ గేరులో ఉంచమంటారు?" అని అడిగాడు.

ఆయన కొంచెంసేపు ఆలోచించారు.

"న్యూట్రల్‌లో పెట్టండి. బండి నిలిపి ఉందిగా."

అలాగే అంటించాము. ఫోటో తీసి, సాయంత్రం వీధి చివర టాక్సీ అతనికి చూపించడానికి ముగ్గురమూ కలిసి వెళ్ళాము.