తలుపు వేసే ముందు

మన సంఘం సర్వర్‌లో పిల్లల తెలుగు బడి పాఠాలతో పాటు సభ్యుల సీపీఆర్ నంబర్లూ ఉన్నాయి. ఆ లినక్స్ యంత్రానికి ఫైర్‌వాల్ పెట్టే పని నాకు అప్పగించారు.

పిల్లలూ, కాజ్‌వే మీదుగా సౌదీ వెళ్ళారు కదా? మధ్యలో దీవి దగ్గర కాగితాలు చూపించందే కారు కదలదు. ఫైర్‌వాల్ అంటే అదే. కాకపోతే సర్వర్‌కి 65,535 దారులు. వాటిని పోర్టులంటాం. మనకి కావలసినవి రెండే: పాఠాలకి 443, నేను లోపలికి వెళ్ళడానికి 22.

ముందుగా 'ఎస్ఎస్' అనే ఆదేశంతో ఏవి తెరిచి ఉన్నాయో చూశాను. డేటాబేస్ దారి 3306 కూడా లోకమంతటికీ బార్లా తెరిచే ఉంది! సీపీఆర్ నంబర్లన్నీ ఉన్నది అక్కడే. నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అయినా తొందరపడకూడదు. 22కి అనుమతి రాయకుండా అన్నీ మూసేస్తే నేనే బయట చిక్కుకుంటాను. యంత్రమేమో జర్మనీలో ఉంది. అందుకే పది నిమిషాల్లో నియమాలన్నీ వాటంతటవే రద్దయ్యేలా 'ఎట్' ఆదేశం ముందే పెడతాను. అన్నీ సవ్యంగా ఉంటే ఆ రద్దును ఆపేస్తాను.

"పెట్టకముందే తీసే ఏర్పాటా?" అని నవ్వింది మా ఆవిడ.

గురువారం రాత్రి ముహూర్తం. శుక్రవారం పొద్దున పాఠాలు తెరుచుకోకపోతే ఫోన్ చేయండి.