సాంచాల మామ.. తెరచాప పడవ

వర్షాకాలం గాలి మొదలైతే హుస్సేన్‌సాగర్‌లో తెరచాపలు లేస్తాయి. ఏటా సెయిలింగ్ వీక్ జరిగేదీ ఆ రోజుల్లోనే. అక్కడ లేజర్ పడవ నేర్చుకుంటున్న పద్నాలుగేళ్ల పిల్లది కోరుట్ల. పడవ పొడవు 4.23 మీటర్లు, పిల్లలకు కట్టే తెరచాప 4.7 చదరపు మీటర్లు. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది!

ఓ సాయంత్రం అదే జరిగింది. తెరచాప తాడును పట్టి ఉంచే కొక్కెం స్క్రూలతో సహా పీక్కొచ్చింది. బరువంతా వెనక్కి వేసి వాలి కూర్చున్న పిల్ల నీళ్లలో పడింది, పడవా అటే ఒరిగింది. లైఫ్‌జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

తల్లికి మాత్రం నిద్ర పట్టలేదు. సిరిసిల్లలో సాంచాలు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేసి, "పడవ వద్దు, ఏమొద్దు.. నువ్వన్న చెప్పురా దానికి" అంది. జగిత్యాలలో పెళ్లికి వెళ్లిన ఆయన అట్నుంచే హైదరాబాద్ బస్సెక్కాడు. పెళ్లికెళ్లినా ఆయన సంచిలో పానా ఉంటుంది!

మేనకోడలికి నచ్చజెప్పడానికి వచ్చినవాడు ముందు కొక్కెం ఊడినచోట చూశాడు. సన్నటి ఫైబర్ పలక, అందులో రెండు స్క్రూలు.

"మామా, ఇంకా లావు స్క్రూలు కొడ్దామా?"

"లావు కాదు బిడ్డా, వెడల్పు గావాలె. లావు స్క్రూ పెద్ద బొక్క చేస్తది, అంతే."

పడవ పైభాగంలో చేయి పట్టేంత కన్నం కోయించాడు. లోపలి నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ పెట్టి, బోల్టులు ఆరపార దించాడు. ఇక లాగుడు రెండు బొక్కల మీద కాక పట్టీ అంతటా పడుతుంది. అదిరే యంత్రానికి మామూలు నట్టు నిలవదని సాంచాల దగ్గర తెలిసిందే, లోపల నైలాన్ రింగున్న నట్లు వేశాడు. నీరు దిగకుండా సీలెంట్ పూశాడు. కోసిన కన్నానికి మూత బిగించాడు. అల్యూమినియం స్తంభానికి స్టీలు రివెట్లున్నచోట తెల్లటి పొడి కనిపిస్తే గోటితో గీకి చూశాడు. రెండు లోహాలు తడిలో కలిసుంటే అల్యూమినియం తినేస్తుంది. పైకి కనిపించదు, విరిగేది అక్కడే.

అరిగిన కొక్కెం తాడును కూడా ఇనుప తీగగా మార్చేద్దామంది పిల్ల. ఆయన ఒప్పుకోలేదు. సాంచలో నాడె పడుగు మధ్య ఇరుక్కుంటే పన్నె వెనక్కి వాలుతుంది. అది మొండికేస్తే వందల పోగులు పుటుక్కుమంటాయి. "ఏదో ఒకటి ముందు తెగాలె. తాడు తెగనియ్, కొత్తది కట్టుకుంటవు."

అసలు పని మరిచావా అని అక్క అడిగింది. పడవ మాన్పించే మాట ఆయన ఎత్తనే లేదు. అక్క మెత్తబడింది గానీ, ముందు ఈత సక్కగా రావాలని షరతు పెట్టింది.

తర్వాతి వారం పడవ దించేముందు పిల్ల కన్నం మూత తీసి, ఒక్కో నట్టునూ వేలితో కదిపింది. ఒకటి కదిలింది. పానా తెచ్చుకుంది.